చిత్రిక పట్టే యంత్రం – వెంట్రుకవాసి లెక్కలు

మీ ఇంట్లో బల్లకో, తలుపుకో ఉన్న వెడల్పాటి పలకను ఒకదాన్ని ఎంచుకోండి. రాత్రివేళ గదిలో దీపాలార్పి, టార్చిలైటును పలక అంచున పడుకోబెట్టి వెలిగించండి. వెలుగు చెక్క మీదుగా పాకుతూ పోవాలి. పగటిపూట నున్నగా కనిపించిన చెక్క మీద ఒకదాని పక్కన ఒకటిగా సన్నని అలలు కనిపించవచ్చు. కొన్నిచోట్ల ఒక నిలువు గీత పలక పొడవునా సాగి ఉండవచ్చు. ఒక చివర కాస్త పల్లంగా ఉండవచ్చు. ఇవన్నీ ఆ పలకను నునుపు చేసిన యంత్రం వదిలి వెళ్ళిన గుర్తులే. ఆ గుర్తులను చదవడం వస్తే, యంత్రంలో ఏ భాగం గాడి తప్పిందో దాన్ని చూడకుండానే చెప్పవచ్చు. ఎలాగో చూద్దాం.

విశాఖపట్నం నుంచి రైల్లో హౌరా చేరి, వంతెన దాటి, హుగ్లీ ఒడ్డు వెంబడి ఉత్తరంగా వెళితే కోల్‌కతాలో నిమ్‌తలా ఘాట్ స్ట్రీట్ వస్తుంది. వీధి పొడవునా కలప అడితులు, కోత మిల్లులు. బర్మా టేకు ఓడల మీద ఈ నగరానికి వచ్చిన రోజులున్నాయి. ఒకప్పటి రైలు పెట్టెలకూ, ట్రాముల్లోని బల్లలకూ కావలసింది చెక్కే. ఇక బౌబజార్ అంటే ఈనాటికీ కోల్‌కతా వారికి కుర్చీలు, మంచాలు, బీరువాల వీధి. మన వడ్రంగిని అక్కడ ఛుతోర్ అంటారు. మన చిత్రిక వారికి ర్యాందా. కొలతల్లో వారికి ‘సుతో’ అనే మాట ఉంది. సుతో అంటే దారం. అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే సుమారు 3.2 మిల్లీమీటర్లు. మన మేస్త్రీలు సూతు అనేది దీన్నే. కాని ఈ వ్యాసంలో మనం మాట్లాడుకోబోయే కొలతలు ఆ దారంలో వందో వంతు దాకా దిగుతాయి.

చేతి చిత్రిక నుంచి యంత్రానికి

చేతి చిత్రికతో ఒక ముఖాన్ని నున్నగా చేయవచ్చు. కాని ఇరవై పలకలనూ ఒకే మందానికి తేవాలంటే ఓపికా, కండబలమూ రెండూ కావాలి. ఇంగ్లండులో శామ్యూల్ బెంథామ్ 1791, 1793 సంవత్సరాల్లో చెక్కపని యంత్రాలకు పేటెంట్లు తీసుకున్నాడు. జోసెఫ్ బ్రామా 1802లో చిత్రిక యంత్రానికి పేటెంటు పొందాడు. అమెరికాలో విలియం వుడ్‌వర్త్ 1828లో పేటెంటు పొందిన యంత్రంలో తిరిగే బ్లేడ్లు, పలకను ముందుకు తోసే రోలర్లు రెండూ ఉన్నాయి. ఈనాటి థిక్‌నెస్ ప్లేనరుకు అదే మూలరూపం.

యంత్రం లోపల ఏముంది? అడుగున నున్నటి పోత ఇనుప టేబిలు. దాని పైన అడ్డంగా ఒక గుండ్రటి ఉక్కు దిమ్మ. దీన్ని కట్టర్ హెడ్ అంటారు. దాని పొడవునా రెండో, మూడో, నాలుగో బ్లేడ్లు బిగించి ఉంటాయి. బ్లేడ్ల కొనలు తిరుగుతూ గీసే వృత్తాన్ని మనం కోత వృత్తం అందాం. కట్టర్ హెడ్‌కు ముందు ఒక పళ్ళ రోలరు పలకను పట్టి లోపలికి లాగుతుంది. వెనుక మరో నున్నటి రోలరు బయటికి పంపుతుంది. టేబిలును పైకీ కిందికీ జరపడానికి పక్కన ఒక చక్రం ఉంటుంది. టేబిలుకూ కోత వృత్తపు అడుగుకూ మధ్య ఎంత ఎడం ఉంటే పలక మందం అంత అన్నమాట.

యంత్రానికి తెలిసింది ఒక్కటే

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఈ యంత్రం వంకర పలకను తిన్నగా చేయదు. కింది ముఖం ఎలా ఉంటే పై ముఖాన్ని దానికి సమాంతరంగా చెక్కడం, అంతే దాని పని.

ఒక ప్లాస్టిక్ స్కేలును కొంచెం వంచి బల్ల మీద పెట్టి, పైనుంచి చేత్తో నొక్కండి. తిన్నగా అవుతుంది. చెయ్యి తీయండి, మళ్ళీ వంగుతుంది. రోలర్ల కింద వంకర పలకకు జరిగేదీ ఇదే. నొక్కి ఉన్నంతసేపు తిన్నగా ఉండి చెక్కించుకుంటుంది. బయటికి రాగానే మళ్ళీ వంగిపోతుంది. మందం మాత్రం అంతటా సమానంగా ఉంటుంది, అంటే సమానమైన మందం గల వంకర పలక తయారవుతుంది! అందుకే ముందు సర్ఫేస్ ప్లేనరు మీద గాని, చేతి చిత్రికతో గాని ఒక ముఖాన్ని చదును చేసి, ఆ ముఖాన్ని కిందికి పెట్టి ఈ యంత్రంలోకి పంపాలి.

అంటే పలకకు దాని కింది ముఖమే ఆధారం. మరి యంత్రానికి ఆధారం ఏది? కట్టర్ హెడ్ ఇరుసు. అది బేరింగుల్లో, యంత్రపు ఒంటికి బిగిసి ఉంటుంది. దాన్ని మనం జరపలేం. కనుక బ్లేడ్లను, టేబిలును, రోలర్లను దాన్నిబట్టే సరిచేయాలి. ఆ వరుస తప్పితే చేసిన పని మళ్ళీ చేయాల్సిందే.

అలల లెక్క

మన దేశంలో విద్యుత్తు 50 సైకిళ్ళది. రెండు ధ్రువాల ఇండక్షన్ మోటారు నిమిషానికి సుమారు 2880 సార్లు తిరుగుతుంది. మోటారుకు 125 మిల్లీమీటర్ల పుల్లీ, కట్టర్ హెడ్‌కు 80 మిల్లీమీటర్ల పుల్లీ ఉన్నాయనుకుందాం. కట్టర్ హెడ్ వేగం 2880 × 125 ÷ 80 = నిమిషానికి 4500 చుట్లు. కోత వృత్తపు వ్యాసం 100 మిల్లీమీటర్లయితే బ్లేడు కొన వేగం సెకనుకు 23.6 మీటర్లు, అంటే గంటకు 85 కిలోమీటర్లు.

పలక నిమిషానికి 8 మీటర్లు కదులుతోంది, బ్లేడ్లు మూడు అనుకుందాం. ఒక బ్లేడు కోసిన తరువాత మరో బ్లేడు వచ్చేలోగా పలక ఎంత ముందుకు పోతుంది? 8000 ÷ (4500 × 3) = సుమారు 0.6 మిల్లీమీటర్లు. ఇదే అలకూ అలకూ మధ్య దూరం. అల లోతు తెలియాలంటే ఈ దూరపు వర్గాన్ని, వ్యాసానికి నాలుగు రెట్లతో భాగించాలి. 0.36 ÷ 400 = 0.0009 మిల్లీమీటర్లు. ఇంత చిన్న అల కంటికి ఆనదు, వేలికి తగలదు.

ఇప్పుడు మూడింటిలో ఒక బ్లేడు మిగతా రెండింటి కంటే కాస్త పైకి పొడుచుకొని ఉందనుకోండి. మిగతావి గీసిన అలలను అది తుడిచేస్తుంది. అప్పుడు అల దూరం మూడు రెట్లు, అంటే 1.8 మిల్లీమీటర్లు అవుతుంది. లోతు వర్గాన్నిబట్టి పెరుగుతుంది గనుక తొమ్మిది రెట్లు, అంటే 0.008 మిల్లీమీటర్లు. టార్చి వెలుగులో మీరు చూసిన అలలు ఇవే! ఒక బ్లేడు కేవలం 0.01 మిల్లీమీటరు పైకి ఉన్నా చాలు, పలక మీద కనబడేది దాని పనే. మనిషి తల వెంట్రుక దీనికి ఐదారు రెట్లు లావుంటుంది.

చిన్న కార్ఖానాలో చేతితో బ్లేడ్లు బిగించేటప్పుడు 0.02 నుంచి 0.05 మిల్లీమీటర్ల తేడాకు తేవడమే గొప్ప. అంటే చివరి గీత ఒక్క బ్లేడుదే. మరి అంత శ్రమ దేనికంటారా? ఈ లెక్కలో ఒక మిల్లీమీటరు లోతున చెక్కేటప్పుడు ఒక్కో బ్లేడు తీసే పొట్టు అత్యధిక మందం సుమారు 0.12 మిల్లీమీటర్లు. తేడా 0.03 ఉంటే బ్లేడ్లన్నీ కొద్దో గొప్పో పని పంచుకుంటాయి. తేడా 0.12కు చేరితే వెనుకబడిన బ్లేడుకు పని దాదాపు ఉండదు. భారమంతా ఒకదాని మీదే పడి అది త్వరగా మొద్దుబారుతుంది, యంత్రం అదురుతుంది.

ముందుగా మెయిన్ స్విచ్చి

యంత్రాన్ని సరిచేయడానికి ముందు స్విచ్చి ఆపడం ఒక్కటే చాలదు. మెయిన్ ఆపి ఫ్యూజు తీసి జేబులో వేసుకోవాలి, లేదా ప్లగ్గు ఊడదీయాలి. కట్టర్ హెడ్ తిరగకుండా చెక్క చీల పెట్టాలి. ఆగి ఉన్న బ్లేడు కూడా వేలిని కోస్తుంది. ఈ పని అనుభవం ఉన్న మేస్త్రీ చేయవలసిందే తప్ప విద్యార్థులు ఒంటరిగా చేయవలసింది కాదు.

ఆ తరువాత శుభ్రం చేయడం. రోలర్లకు అంటుకున్న జిగురును కిరసనాయిలు గుడ్డతో తుడవాలి. వానకాలంలో కోల్‌కతా గాలికి పోత ఇనుము రాత్రికి రాత్రి తుప్పు పడుతుంది. తుప్పు తీసి, టేబిలుకు మైనం రాసి తుడిస్తే పలక జారుతుంది. గ్రీజు రాయకూడదు, చెక్కకు మరక పడుతుంది.

బ్లేడ్లు: పదునూ, బరువూ

బ్లేడ్లన్నీ ఒకే కోణంలో, ఒకే వెడల్పుకు సానపట్టి ఉండాలి. వాటి బరువులూ సమానంగా ఉండాలి. ఎందుకో మీ భౌతికశాస్త్రం చెబుతుంది. 4500 చుట్ల వేగంలో, ఇరుసుకు 45 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న ఒక గ్రాము మీద అపకేంద్ర బలం సుమారు 10 న్యూటన్లు. ఒక బ్లేడు మిగతావాటి కంటే ఒక్క గ్రాము బరువుంటే, సెకనుకు 75 సార్లు ఒక కిలో బరువుతో బేరింగును కొట్టినట్టే. ఇక బ్లేడు మొత్తం బరువు 200 గ్రాములైతే అది ఊడిపోవడానికి లాగే బలం 2000 న్యూటన్లు, అంటే రెండు క్వింటాళ్ళ బరువు! బోల్టులు బిగించడం ఎంత ముఖ్యమో ఈ ఒక్క అంకె చాలు చెప్పడానికి.

బ్లేడు కట్టర్ హెడ్ ఒంటి నుంచి సాధారణంగా ఒక మిల్లీమీటరు మాత్రమే బయటికి ఉంటుంది. డయల్ గేజిని కట్టర్ హెడ్ మీద ఆనించి, ప్రతి బ్లేడునూ ఎడమ చివర, మధ్య, కుడి చివర కొలుస్తారు. అన్ని బోల్టులనూ ముందు వదులుగా, తరువాత కొంచెం గట్టిగా, చివరికి పూర్తిగా బిగించి మళ్ళీ కొలవాలి. బిగించేటప్పుడు బ్లేడు కదిలి కొలత మారడం మామూలే.

టేబిలు సమాంతరమేనా?

దీనికి పెద్ద పరికరాలు అక్కరలేదు. ఒకే రకం సన్నని చెక్క బద్దలు రెండు తీసుకొని, ఒకదాన్ని టేబిలు ఎడమ అంచున, రెండోదాన్ని కుడి అంచున, టేబిలు ఎత్తు మార్చకుండా పంపుతారు. తరువాత రెండింటి మందాన్నీ స్క్రూ గేజితో కొలుస్తారు. స్క్రూ గేజి కనీసపు కొలత 0.01 మిల్లీమీటరని మీకు తెలుసు. తేడా 0.1 మిల్లీమీటరు లోపుంటే మామూలు పనికి సరిపోతుంది. అంతకు మించితే టేబిలు ఒక పక్కకు ఒరిగి ఉందన్నమాట. నాలుగు మూలలా స్క్రూ స్తంభాలు, వాటిని కలిపే గొలుసు ఉన్న యంత్రాల్లో, గొలుసు తప్పించి ఒక మూల స్క్రూను పన్ను చొప్పున తిప్పుతారు. స్క్రూ ఒక చుట్టుకు 3 మిల్లీమీటర్లు లేచేదై, పళ్ళచక్రానికి 15 పళ్ళుంటే, ఒక్కో పన్నుకు 0.2 మిల్లీమీటరు మార్పు వస్తుంది.

నాలుగు ఒత్తిళ్ళు

ఇప్పుడు పలకను నొక్కిపట్టే భాగాలు. వీటి ఎత్తులన్నీ కోత వృత్తపు అడుగు నుంచే కొలవాలి. యంత్రాన్నిబట్టి అంకెలు మారుతాయి గనుక తయారీదారు పుస్తకమే ప్రమాణం. సాధారణంగా ఉండే విలువలు ఇవి.

లోపలికి లాగే పళ్ళ రోలరు కోత వృత్తం కంటే 0.8 నుంచి 1 మిల్లీమీటరు కిందికి ఉండాలి. అది స్ప్రింగు మీద ఉంటుంది గనుక పలక రాగానే పైకి లేచి నొక్కుతుంది. బ్లేడ్లకు సరిగ్గా ముందు ఉండేది చిప్ బ్రేకరు. ఇది కూడా సుమారు 0.8 మిల్లీమీటర్లు కిందికి. పొట్టు పొడుగ్గా చీలిపోకుండా అక్కడికక్కడే విరిచేయడం దీని పని. చేతి చిత్రికలో బ్లేడు మీద బిగించే రెండో రేకు చేసేదీ ఇదే.

బ్లేడ్లకు వెనుక ఉండేది ప్రెషర్ బారు. ఇది కోత వృత్తపు అడుగుకు సరిగ్గా సమానంగా, లేదా ఇంకా 0.1 మిల్లీమీటరు లోపు తేడాతో ఉండాలి. అన్నిటిలోకీ సుకుమారమైన సర్దుబాటు ఇదే. మరీ కిందికి ఉంటే పలక దానికి తగిలి ఆగిపోతుంది. మరీ పైకి ఉంటే పలక బ్లేడ్ల కింద ఎగిరెగిరి పడుతుంది. చివరగా బయటికి పంపే రోలరు, సుమారు 0.8 మిల్లీమీటర్లు కిందికి.

టేబిల్లోనే అమర్చిన చిన్న రోలర్లు కొన్ని యంత్రాల్లో ఉంటాయి. నున్నటి చెక్కకు వాటిని టేబిలు కంటే 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు మాత్రమే పైకి ఉంచాలి. గరుకైన కోత చెక్కకు 0.3 నుంచి 0.5 దాకా పెంచవచ్చు.

గుర్తులు చదవడం

పలక పొడవునా ఉబ్బెత్తుగా గీత సాగిందా? బ్లేడు అంచు అక్కడ పెచ్చు లేచింది. మేకో, ఇసుకరేణువో తగిలి ఉంటుంది. ఒక పక్క మందం, మరో పక్క పలచన? టేబిలు ఒరిగింది. అలలు దూరదూరంగా, లోతుగా ఉన్నాయా? ఒకే బ్లేడు పనిచేస్తోంది, లేదా పలక వేగం ఎక్కువైంది. నార పెచ్చులుగా లేచిందా? పలకను ఎదురు నారగా పంపారు, లేదా బ్లేడు మొద్దుబారింది. పిల్లి వీపును తల నుంచి తోక వైపు నిమిరితే వెంట్రుకలు అణుగుతాయి, ఎదురు నిమిరితే లేస్తాయి. చెక్క నార కూడా అంతే.

చివర్లలో నాలుగైదు అంగుళాల మేర ఒక పొర అదనంగా లేచిపోయిందా? దీన్ని స్నైప్ అంటారు. పలక లోపలికి వచ్చేటప్పుడు మొదట ఒక్క రోలరే దాన్ని పట్టుకొని ఉంటుంది. వెనుక భాగం బయట వేలాడుతుంటే, ముందు భాగం తులాదండంలా పైకి లేచి బ్లేడ్లకు తగులుతుంది. రెండో రోలరు కూడా పట్టుకోగానే పలక కుదురుకుంటుంది. బయటికి పోయేటప్పుడు చివర మళ్ళీ అదే కథ. టేబిలు రోలర్లు ఎక్కువ ఎత్తున్నా, ప్రెషర్ బారు పైకి ఉన్నా ఈ లోపం పెరుగుతుంది. పొడవు పలకకు రెండు వైపులా ఆసరా ఇవ్వడం, పలకలను రైలు పెట్టెల్లా ఒకదాని వెనుక ఒకటి ఆనించి పంపడం మేలు.

ఇది చిన్న లోపమనుకోకండి. రెండు మీటర్ల పలకకు రెండు చివరలా పది సెంటీమీటర్ల చొప్పున కోసి పారేయాల్సి వస్తే పదో వంతు కలప పోయినట్టే. 2014 ఏప్రిల్ నుంచి మయన్మార్ టేకు దుంగల ఎగుమతిని నిషేధించింది. చేవ తేలిన టేకు ఖరీదు పెట్టి కొనే చిన్న కార్ఖానాకు ఈ పదో వంతే లాభనష్టాల మధ్య గీత.

గాలి చేసే చిత్రిక

యంత్రం ఎంత సరిగ్గా ఉన్నా మరో శక్తి చెక్క మందాన్ని మారుస్తూనే ఉంటుంది. అది గాలిలోని తేమ. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద సాపేక్ష ఆర్ద్రత 80 శాతముంటే, చెక్క క్రమంగా తన బరువులో సుమారు 16 శాతం నీటితో స్థిరపడుతుంది. ఆర్ద్రత 60 శాతానికి తగ్గితే అది 11 శాతానికి దిగుతుంది. కోల్‌కతాలో వానకాలంలో 80 శాతం దాటిన గాలి వారాల తరబడి ఉంటుంది. చలికాలంలో బాగా తగ్గుతుంది.

పచ్చి టేకు పూర్తిగా ఎండితే వార్షిక వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, వలయాలకు అడ్డంగా 2.5 శాతం కుంచించుకుపోతుంది. తేమ 16 నుంచి 11 శాతానికి తగ్గితే, 200 మిల్లీమీటర్ల వెడల్పున్న పలక సుమారు 2 మిల్లీమీటర్లు తగ్గవచ్చు. 25 మిల్లీమీటర్ల మందంలో 0.1 మిల్లీమీటరు పోతుంది. చూశారా! మనం ఇంత కష్టపడి సాధించిన 0.1 మిల్లీమీటరు కచ్చితత్వాన్ని ఒక్క రుతువు తుడిచేస్తుంది. అంతేకాదు, పలక రెండు ముఖాల్లో తేమ తేడాగా ఉంటే అది వంగుతుంది కూడా. అందుకే మన జాతీయ ప్రమాణం ఐఎస్ 287 దేశాన్ని ఆర్ద్రతనుబట్టి మండలాలుగా విభజించి, కలపలో తేమ ఎంత మించకూడదో చెబుతుంది. మంచి పనివారు చెక్కను ఆరబెట్టి, తుది మందానికి రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువగా చెక్కి, మధ్య మధ్య పుల్లలు పెట్టి కొన్నాళ్ళు పేర్చి ఉంచి, ఆ తరువాతే ఆఖరి చిత్రిక పడతారు. ఆఖరి మందానికి తెచ్చేటప్పుడు రెండు ముఖాల నుంచీ సమానంగా తీస్తారు.

చెవులు, ఊపిరితిత్తులు, వేళ్ళు

ఈ యంత్రం చేసే చప్పుడు 90 డెసిబెల్స్ దాటడం మామూలే. రోజూ వింటే వినికిడి తగ్గుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో కలప ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ధూళి లాగే గొట్టం, ముక్కుకు ముసుగు, కళ్ళకు అద్దాలు, చెవులకు రక్షణ ఉండాలి. వదులు చొక్కా, పైపంచె, చేతి తొడుగులు వద్దు. రోలరు వాటిని పట్టిందంటే చేతిని కూడా లాగుతుంది. రెండు రోలర్ల మధ్య దూరం కంటే పొట్టి ముక్కను ఎన్నడూ పంపకూడదు. అది లోపల తిరగబడి తూటాలా వెనక్కి రావచ్చు. యంత్రానికి ఎదురుగా కాక పక్కగా నిలబడాలి.

మీరే చేసి చూడండి

యంత్రం జోలికి పోకుండానే మీరు చేయగల ప్రయోగం ఒకటుంది. దగ్గర్లోని వడ్రంగిని అడిగి యంత్రంలో చెక్కిన అడుగు పొడవు ముక్క తెచ్చుకోండి. రెండు చివర్లా, మధ్యలో, ఎడమా కుడీ అంచుల్లో మొత్తం ఆరు చోట్ల గుర్తులు పెట్టి స్క్రూ గేజితో మందం కొలిచి రాసుకోండి. టార్చి వెలుగులో అలలను చూడండి. ఒక సెంటీమీటరుకు ఎన్ని అలలున్నాయో లెక్కపెట్టి, అల దూరం కట్టండి. కట్టర్ హెడ్ వేగం, బ్లేడ్ల సంఖ్య, పలక వేగం వడ్రంగినడిగి తెలుసుకుంటే, అక్కడ ఒక బ్లేడు పనిచేస్తోందో, అన్నీ పనిచేస్తున్నాయో మీరే చెప్పగలరు. అదే ముక్కను దాచి ఉంచి, వానకాలంలో ఒకసారి, మాఘమాసంలో ఒకసారి మళ్ళీ కొలవండి. రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ తేడా యంత్రానిదో, ఏ తేడా గాలిదో మీకే తేలిపోతుంది.